ఆయిల్ తాగుతోందంటే ఇంజిన్ దించాల్సిందేనా?

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ. నాన్న ముప్పై ఏళ్లు లారీ తోలారు. ఆయన కూడబెట్టిన డబ్బుకి కొంత ఫైనాన్స్ కలిపి పోయినేడు సెకండ్ హ్యాండ్‌లో పది టైర్ల టాటా 2518 కొన్నాం. 2013 మోడల్, బీఎస్-3, కమ్మిన్స్ ఇంజిన్, మైకో పంపు. మిల్లుల నుంచి బియ్యం, తవుడు చెన్నై వైపు వేస్తాం. రానూ పోనూ వెయ్యి కిలోమీటర్లు. నాలుగు నెలలుగా ఇంజిన్ ఆయిల్ తగ్గుతోంది. పోయిన నెల నాలుగు ట్రిప్పులకు 8 లీటర్లు పోశాం. కింద మాత్రం చుక్క కనపడదు. మా మెకానిక్ ఆయిల్ మూత తీసి చూపించి, "బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది, బోరుకొచ్చింది, ఇంజిన్ దించాలి" అన్నాడు. లక్షన్నర దాటుతుందట. ఒకటే టెన్షన్‌గా ఉంది. నేను డిగ్రీ చదివాను, పానా పట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. వీడియోలు చూసి కొంత పని నేనే చేసుకోవచ్చా? మా బావ బీఎస్-6 బండి కొన్నాడు, దానికీ అవే పనులు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: ఇంజిన్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీ మెకానిక్ మాటకి అర్థం ఏమిటంటే, ఇంజిన్ పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు (బోరు) అరిగి, గాలి వాటి పక్కనుంచి కిందికి జారి ఆయిల్ మూత దగ్గర కొడుతోందని. ముందు మీ బండి ఎయిర్ ట్యాంకుల కిందకు దూరి, డ్రెయిన్ వాల్వు లాగి, తెల్ల గుడ్డ అడ్డం పెట్టి చూడండి. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల కింద నా షెడ్డుకి ఒక ఇసుక లారీ వచ్చింది. మీదే కథ. ఆయిల్ తగ్గుతోంది, కింద కారడం లేదు, మూత తీస్తే పొగ గుప్పుమంటోంది. నేనూ మీ మెకానిక్ అన్నమాటే అన్నాను. ఇంజిన్ దించాం, బోరు కొట్టించాం (సిలిండర్లను కాస్త వెడల్పుగా చెక్కించాం), పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేశాం. రెండు వారాలకు ఓనరు వచ్చి ఖాళీ ఆయిల్ డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు వెళ్లి ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ లాగితే నల్లటి ఆయిల్ జివ్వున నా మొహం మీద పడింది. ఇంజిన్‌ని విప్పి బిగించిన నేను, దాని పక్కనే ఉన్న బ్రేకు కంప్రెసర్‌ని మాత్రం ఉన్నదున్నట్టు తీసి మళ్లీ తగిలించాను. ఆయిల్ తాగింది అదే.

లారీలో బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ కూడా ఒక చిన్న ఇంజిన్ లాంటిదే. దానికీ పిస్టను, రింగులు ఉంటాయి. దానికి కావాల్సిన ఆయిల్ మన ఇంజిన్ నుంచే వెళ్లి, మళ్లీ ఇంజిన్ చాంబర్‌లోకే (అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకే) దిగుతుంది. దాని రింగులు అరిగితే రెండు పనులు జరుగుతాయి. ఆయిల్ గాలితో పాటు పైకెక్కి ట్యాంకుల్లోకి పోతుంది. రింగుల పక్కనుంచి జారిన గాలి కిందికి, అంటే ఇంజిన్ చాంబర్‌లోకి దిగుతుంది. ఆ గాలే మీ ఆయిల్ మూత దగ్గర బ్యాక్ కంప్రెషన్‌లా కనిపిస్తుంది. టర్బో (పొగ వేగానికి తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) సీలు పోయినా ఇంతే, పొగ దాని ఆయిల్ రిటర్న్ పైపులోంచి చాంబర్‌లోకి వస్తుంది. కాబట్టి మూత దగ్గర పొగ వచ్చిందంటే అనుమానించాల్సినవి మూడు: ఇంజిన్ రింగులు, కంప్రెసర్, టర్బో. మొదటిదానికి ఇంజిన్ దించాలి. మిగతా రెండూ బోల్టులు విప్పితే చేతికొస్తాయి.

మీ మెకానిక్ మోసం చేస్తున్నాడని నేననడం లేదు. అతను చెప్పింది నిజం కావచ్చు కూడా. నేను చేసినట్టే అలవాటు కొద్దీ చెప్పి ఉండొచ్చు.

ముందు లెక్క సరిగ్గా తేల్చుకుందాం. లోడు మీద లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తోందనుకుంటే 4000 కిలోమీటర్లకు వెయ్యి లీటర్ల డీజిల్, దానికి 8 లీటర్ల ఆయిల్. మా షెడ్డులో లెక్క ఏమిటంటే, పాత బండి నూరు లీటర్ల డీజిల్‌కి అర లీటరు ఆయిల్ దాటితే వెతకాలి. మీది దాటింది. అయితే గేజి (ఆయిల్ కొలిచే పుల్ల) చూడటంలోనే తప్పు చేసేవాళ్లు చాలామంది. బండి ఆపీ ఆపగానే గేజి లాగితే ఆయిల్ ఇంకా పైనే ఉంటుంది, తక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి ఇంకో లీటరు పోస్తారు. ఎక్కువైన ఆయిల్ని క్రాంకు (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు) చిలికి బ్రీదర్ (ఆవిరి పోయే గొట్టం) గుండా బయటికి కొడుతుంది. మర్నాడు మళ్లీ తక్కువే. చదునైన నేల మీద ఆపి, పావుగంట ఆగి, గేజి ఒకసారి తుడిచి మళ్లీ ముంచి చూడండి. గేజి మీద రెండు గీతల మధ్య దూరం వేలెడు కూడా ఉండదు, కాని అది దాదాపు రెండు లీటర్లు. పై గీత దాటకూడదు. ఈసారి చెన్నై ట్రిప్పుకు బయల్దేరే ముందు పై గీత దాకా పోసి, కిలోమీటరు రీడింగ్ రాసుకోండి. తిరిగొచ్చాక ఎంత పడితే మళ్లీ పై గీతకు వచ్చిందో కొలిచి పోయండి. రాత్రి ఆపినప్పుడు చాంబర్ కింద పాత అట్టపెట్టె ఒకటి విప్పి పరచండి. మట్టినేల మీద కనపడని చుక్క అట్ట మీద కనపడుతుంది.

ఇప్పుడు ఎయిర్ ట్యాంకులు. టైర్లకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి, ఎందుకంటే ఈ పనిలో గాలి దిగిపోతుంది. ట్యాంకు కింద రింగు లాగే డ్రెయిన్ ఉంటుంది. మొహం పక్కకు తిప్పుకుని (నా అనుభవం మీకు వద్దు), తెల్ల గుడ్డ అడ్డం పెట్టి లాగండి. కొంచెం నీళ్లు, పాలలాంటి తేమ రావడం మామూలే. గుడ్డ నల్లగా జిడ్డుగా తడిస్తే కంప్రెసర్ ఆయిల్ ఎత్తుతోందని అర్థం. మీ బండికి ఎయిర్ డ్రయ్యర్ (గాలిలో తేమ తీసేది) ఉంటే ట్యాంకులోకి ఆయిల్ కాస్త తక్కువ చేరుతుంది. అలాంటప్పుడు డ్రయ్యర్ కింద చూడండి, అది గాలి వదిలే చోట ఛాసిస్‌కి నల్లటి మడ్డి పట్టి ఉంటుంది. ఇది ఆయిల్ ఖర్చు సంగతి మాత్రమే కాదు. ఆ ఆయిల్ బ్రేకు వాల్వుల్లోని రబ్బర్లను ఉబ్బించి పాడుచేస్తుంది. ఇరవై ఐదు టన్నుల బండికి అది ఆటలాడే విషయం కాదు.

తర్వాత మూత పరీక్ష. ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు బండి స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీసి, రంధ్రం మీద తిరగేసి ఊరికే పెట్టండి. అప్పుడు కంప్రెసర్ గాలి కొడుతూ ఉంటుంది. మూత ఎంత ఎగురుతోందో, పొగ ఎంత వస్తోందో చూడండి. గాలి నిండి 'ఛస్స్' మని వదిలాక కంప్రెసర్ మీద బరువు ఉండదు. అప్పుడు మళ్లీ చూడండి. నిండేటప్పుడు బాగా ఎగిరి, నిండాక తగ్గిందంటే అనుమానం కంప్రెసర్ మీదకు పోతుంది. రెండుసార్లూ ఒకేలా ఉంటే ఇంకా ఏమీ తేలలేదు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ మూత దగ్గర కాస్త ఆవిరి రావడం సహజమే, దాన్ని చూసి బెదరకండి. ఈ తేడాని ఫోనులో వీడియో తీసి మెకానిక్‌కి చూపించండి. మంచి మేస్త్రి అయితే "అరె, ఇది చూడలేదే" అంటాడు. అనకపోతే ఇంకో మేస్త్రిని చూసుకోండి.

టర్బో చూసే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. మీరు తవుడు వేస్తారు కాబట్టి మరీ ముఖ్యం. మిల్లులో లోడయ్యేటప్పుడు రేగే తవుడు, ఊక దుమ్ము చాలా సన్నం. ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంది, ఆ లాగుడికి టర్బో సీలు బాగున్నా ఆయిల్ జారుతుంది. కొత్త ఫిల్టర్ వేసి చూస్తే ఆయిల్ తగ్గడం ఆగిపోయిన బండ్లు నేను చూశాను. ఫిల్టర్‌ని టైరుకేసి బాదడం, పంక్చర్ షాపులో గాలిగొట్టం దగ్గరగా పెట్టి ఊదడం రెండూ వద్దు. కాగితం చిరిగిందంటే ఆ రోజు నుంచీ ఇంజిన్ దుమ్ము తింటుంది, రింగులు నిజంగానే అరుగుతాయి. లోపలి చిన్న ఫిల్టర్‌ని అసలు శుభ్రం చేయకూడదు, మార్చడమే. పనిలో పనిగా రేడియేటర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) రెక్కల మధ్య ఊక పేరుకుందేమో టార్చి వేసి చూడండి. మిర్యాలగూడ బండ్లకు అది మామూలే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక టర్బోకి గాలి వచ్చే హోస్ పైపు క్లిప్పు విప్పండి. లోపల రెక్కల చక్రాన్ని వేళ్లతో పట్టుకుని పక్కలకు కదపండి. కాస్త ఊగుతుంది, అది ఆయిల్ పొర కోసం ఉంచిన సందు. రెక్క అంచు గోడకు తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగితే ఆట దాదాపు తెలియకూడదు. ఆ తర్వాత ఇంటర్‌కూలర్ వైపు పైపు విప్పి చూడండి. లోపల తడి పొర ఉంటే ఫర్వాలేదు, ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బోని చూపించాల్సిందే. పైపు విప్పి ఉండగా ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయకండి. ఆ చక్రం నిమిషానికి వేలల్లో కాదు, పదుల వేలల్లో తిరుగుతుంది. మరో మాట, ట్రిప్పు ముగించి బండి ఆపేటప్పుడు రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి. దాబా దగ్గర రయ్యిన వచ్చి టక్కున ఆపేస్తే వేడి మీదున్న టర్బోకి ఆయిల్ ఆగిపోయి, ఉన్న ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

పొగ రంగు మీకు నాన్నగారే చెప్పగలరు. నలుపు అంటే గాలి తక్కువో డీజిల్ ఎక్కువో. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. తెలుపు అంటే డీజిల్ పూర్తిగా మండడం లేదు, లేదా నీళ్లు లోపలికి పోతున్నాయి. నీలం పొగ పొద్దున స్టార్ట్ చేయగానే ఒక గుక్కెడు వచ్చి ఆగిపోయినా, దిగుడులో గేరు మీద వచ్చి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చినా వాల్వు గైడ్లు, సీళ్లు చూడాలి. దానికి హెడ్డు దించితే చాలు. లోడు మీద ఎప్పుడూ వస్తుంటే రింగులో, టర్బోనో.

ఒకటి అడగడం మర్చిపోయాను. పాత ఓనరు థర్మోస్టాట్ పీకేశాడేమో చూడండి. మనవైపు ఇదొక జబ్బు. ఎండాకాలం వేడెక్కుతోందని "వాల్వు తీసేయండి" అంటారు. అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన తలుపు. అది లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, సగం మండిన డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ని కడిగేస్తుంది, రింగులు తొందరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం చాలాసార్లు రేడియేటర్‌లో పోసే బోరు నీళ్లే. ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా ఎంత పట్టిందో చూడండి, ఇంజిన్ లోపలా అంతే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. ఖర్చు అనిపిస్తుంది కాని హెడ్ గ్యాస్కెట్ కన్నా చవక.

ఇవన్నీ చూశాక కూడా వేలు ఇంజిన్ రింగుల వైపే చూపిస్తే, అప్పుడు దించండి. కాని ఈ ఇంజిన్ గురించి ఒకటి తెలుసుకుని దించండి. మీది 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. దీనికి కంపెనీ నుంచి విడిగా లైనర్లు (మార్చుకునే సిలిండర్ గొట్టాలు) రావు, పిస్టన్లు నేరుగా బ్లాకులోనే ఆడతాయి. అసలు బోరు 102 మిల్లీమీటర్లు. అరిగితే అర మిల్లీమీటరు పెంచి కొట్టి పెద్ద పిస్టన్ వేస్తారు, ఆ తర్వాత ఒక మిల్లీమీటరు. అది కూడా అయిపోతే స్లీవు (కొత్త గొట్టం) దిగగొట్టాలి. అంటే అవసరం లేకుండా ఒకసారి బోరు కొట్టించారంటే బ్లాకు ఆయుష్షులో ఒక వాయిదా ఊరికే కట్టేసినట్టు. పాత ఓనరు అప్పటికే ఒకటి కొట్టించి ఉండొచ్చు కూడా. అందుకని లేత్ షాపు వాళ్లు ఆరు సిలిండర్లనూ బోర్ గేజితో కొలిచి, పైనా మధ్యనా కిందా ఎంతుందో కాగితం మీద రాసి ఇచ్చేదాకా బోరు కొట్టనివ్వకండి. మీరు దగ్గరే నిలబడండి. విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లినా, అక్కడే మిర్యాలగూడలో చేయించినా ఈ మాట మాత్రం వదలకండి. ఇంజిన్ దించినప్పుడు కంప్రెసర్ కూడా విప్పించండి. ఇసుక లారీ ఓనరు దగ్గర నేను నేర్చుకున్నది అదే.

మీరు సొంతంగా ఏం చేయొచ్చని అడిగారు. ఆయిల్, ఫిల్టర్లు మార్చడం మీరే చేయండి. బండి తిరిగొచ్చి వెచ్చగా ఉన్నప్పుడే పాత ఆయిల్ దించండి, మడ్డి కూడా కలిసి దిగిపోతుంది. చేయి కాలేంత వేడిలో వద్దు. పాత ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూడండి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం మామూలే, కాని మెరిసే రజను తగిలితే బేరింగ్, మజ్జిగలా తెల్లబడితే నీళ్లు. ఈ రెండింట్లో ఏది కనిపించినా బండి తీయొద్దు. కొత్త ఆయిల్ ఫిల్టర్‌లో శుభ్రమైన ఆయిల్ నింపి, రబ్బరుకి ఆయిల్ రాసి, చేత్తోనే బిగించండి. రబ్బరు తగిలాక ముప్పావు చుట్టు చాలు, పైప్ రెంచి అక్కర్లేదు. ఆయిల్ 15డబ్ల్యూ-40 వేస్తారు, గ్రేడు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది మీ బండి పుస్తకంలో ఉన్నదే పాటించండి. డీజిల్ వాటర్ సెపరేటర్ అడుగున ప్లగ్గు వదులు చేసి నీళ్లు దించడం రోజూ పొద్దున్నే చేసే పని. డీజిల్ ఫిల్టర్ మార్చాక ఎయిర్ పట్టి స్టార్ట్ కాకపోతే ఊరికే సెల్ఫ్ కొట్టకండి. హ్యాండ్ ప్రైమర్‌తో కొడుతూ, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి ధార నిండుగా వచ్చాక బిగించండి. సెల్ఫ్ ఒకసారికి 30 సెకన్లు మించొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగాలి. లేకపోతే మోటారు కాలుతుంది.

ట్యాపెట్లు (వాల్వుల దగ్గర సందు) సర్దడం కూడా నేర్చుకోవచ్చు, అయితే మొదటి రెండుసార్లు ఎవరైనా మేస్త్రిని పక్కన నిలబెట్టుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కి 0.25, ఎగ్జాస్ట్‌కి 0.51 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజి లాగితే వెన్నలో కత్తిలా జారకూడదు, బిగుసుకుపోనూ కూడదు. నట్టు బిగించాక మళ్లీ ఒకసారి చూసుకోండి, బిగించేటప్పుడే సందు మారిపోతుంది. పంపు టైమింగ్, నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి), హెడ్డు బోల్టుల జోలికి మాత్రం పోకండి. వీడియోలో పది నిమిషాల పనిగా కనపడేది వాటికి కావాల్సిన పనిముట్లు ఉన్నవాడికే.

పని మొదలెట్టే ముందు మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టండి. ఫ్యాన్ బెల్టుకి అదంటే మహా ఇష్టం. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందు విప్పి, చివర తగిలించండి. క్యాబిన్ ఎత్తేది అయితే పూర్తిగా ఎత్తి లాక్ పడిందని చూసుకోకుండా కింద తల పెట్టొద్దు, సగంలో ఆపి పనిచేయొద్దు. బ్యాటరీ మాటొచ్చింది కాబట్టి ఇది కూడా చెబుతాను. మీ బండివి 12 వోల్టులవి రెండు కలిపిన 24 వోల్టులు. పాటల సెట్టుకి ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి ఉంటే తీసేసి, 24ని 12 చేసే కన్వర్టర్ పెట్టించండి. ఒకటి దిగిపోతూ, ఇంకోటి ఎక్కువ చార్జ్ అవుతూ రెండూ చస్తాయి.

మీ బావ బండి సంగతి వేరు. పాత పంపు ఇంజిన్‌లో ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి మేస్త్రులు నాజిల్ పైపు నట్టు ఒక్కోటీ వదులు చేసి వింటారు. బీఎస్-6 కామన్ రైల్ ఇంజిన్‌లో (అన్ని నాజిల్స్‌కీ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లేది) ఆ పని చేస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఆ పైపుల్లో ఒత్తిడి 1600 బార్ పైమాటే. సన్నటి ధార చర్మంలోంచి దూరి డీజిల్‌ని కండలోకి ఎక్కిస్తుంది. పైకి సూది గుచ్చినంతే కనపడుతుంది, లోపల చేయి కుళ్లుతుంది. అలా ఎవరికైనా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికే. ఆ బండికి ఆయన చేసుకోదగ్గవి ఆయిల్, నీళ్లు, గాలి ఫిల్టర్, బెల్టులు, వాటర్ సెపరేటర్ చూసుకోవడం వరకే. ఇంకోటి, డెఫ్ ద్రవం (బీఎస్-6 బండిలో పొగను శుభ్రం చేయడానికి పోసేది) బయట కొనే బదులు ఎరువుల కొట్టు యూరియా నీళ్లలో కలిపి పోయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దని చెప్పండి. అసలు ద్రవం 32.5 శాతం శుద్ధమైన యూరియా. పొలంలో చల్లేదానికి వేపనూనె పూత ఉంటుంది, అది పోస్తే సైలెన్సర్‌లోని ఖరీదైన భాగం మూసుకుపోతుంది.

ఈ వారం మీ పని మూడే: గేజి సరిగ్గా చూసి ఒక ట్రిప్పు కొలవడం, ట్యాంకు డ్రెయిన్ లాగడం, గాలి నిండేటప్పుడూ నిండాకా మూత వీడియో తీయడం. కంప్రెసర్ నుంచి ట్యాంకు వైపు వెళ్లే పైపు విప్పించే వీలుంటే, ఇంజిన్ చల్లారాక, గాలంతా వదిలేశాక విప్పించి, లోపల మసి ఎంత మందాన కట్టిందో కూడా నాకు రాయండి.